అమ్మ మోకాలిలో ఊట

అమ్మ కుడి మోకాలి చిప్ప కింద వేడి ఉప్పునీళ్ల ఊట పడింది. నేను దాని కింద ఇత్తడి పళ్లెం పెడతాను. నిండగానే పెరట్లో పారబోసి వస్తాను. పోసిన చోట గడ్డి మాడిపోతోంది.

పళ్లెంలో నీళ్లు లేత గులాబీ రంగులో ఉన్నాయి. ఆ రంగు నీళ్లది కాదు, అందులో ఉండేవాళ్లది. వాళ్లు కంటికి ఆనరు. చెవి దగ్గర పెట్టుకుంటే మాత్రం, అవతలి వీధిలో బంతి భోజనాలు జరుగుతున్నట్టు వినిపిస్తారు.

పక్కింటి నూకాలు పిన్ని గుమ్మంలో నిలబడి చూస్తుంది.

"ఉప్పుగుండంలో మునిగితే ఒంటిమీది చీర అక్కడే వదిలేసి రావాలని మీ అమ్మకి తెలీదా? కీళ్లనొప్పులకని అందరం వెళ్లాం. అందరం వదిలేశాం."

"కొత్త చీర పిన్నీ."

"కొత్తదే మరి! చీర మీద ఆశకి గుండంలో ఉండే జనాన్నంతా మోసుకొచ్చింది."

చీర తీసుకుని నేను గుండానికి వెళ్తాను. నీళ్లు చల్లబడి, రంగు పోయి, అడుగు కనిపిస్తోంది. ఖాళీ చేసిన ఇంట్లో గోడకు మేకులు మిగిలినట్టు రాళ్లు మిగిలాయి. చీర వేస్తే తేలుతుంది. అందులోంచి ఎవరూ దిగరు. అందరూ అమ్మలోకి మారిపోయారు.

ఇంటికి వచ్చేసరికి అమ్మకు మోకాళ్ల కింద ఏమీ లేదు. మంచం మీద నీళ్లు కాళ్ల ఆకారంలో నిలబడి ఉన్నాయి. ఒళ్లు కాలిపోతోంది.

"నొప్పి పోయిందే," అంటుంది అమ్మ. "కాళ్లు కూడా పోయాయనుకో."

నేను పళ్లెం చెవి దగ్గర పెట్టుకుంటాను. "మా అమ్మని వదిలేయండి."

"మేమేం పట్టుకోలేదమ్మాయ్," అంటుంది లోపల్నుంచి ఒక పెద్దావిడ. "ఆవిడే కరిగి మాకు చోటిస్తోంది."

"ఎక్కడిదాకా?"

"పిల్లలు గలవాళ్లం. ఎంత చోటైనా చాలదు."

పిన్ని విసనకర్ర తెచ్చి నా చేతిలో పెడుతుంది. "జ్వరమే వాళ్లకి పొయ్యి. విసురు. చల్లబడితే వాళ్లే లేచిపోతారు."

సరైన మాటే. నేను విసురుతాను. విసరొద్దని పళ్లెం అరుస్తుంది. పిన్ని దాని మీద మూత పెడుతుంది.

నీళ్లు తగ్గుతున్నాయి. "హాయిగా ఉందే," అంటుంది అమ్మ. నేను ఆపను. చెయ్యి మార్చుకుంటాను. కాళ్ల చోట తెల్లటి పొర కడుతుంది. అది నడుం దాటి, మెడ దాకా పాకుతుంది. గాలి తగిలితే నీళ్లు ఆరి ఉప్పు పేరుకుంటుందన్న సంగతి, ఉప్పు మళ్ల పక్కనే పుట్టి పెరిగిన పిన్నికీ నాకూ అప్పుడు గుర్తుకొస్తుంది. అమ్మ ఏదో చెప్పబోతుంది. పెదవులు గట్టిపడతాయి.

పిన్ని విసనకర్ర లాక్కుంటుంది.

"నేను చల్లబరచమన్నాను. ఆరబెట్టమన్నానా?"

మంచం మీద అమ్మంత ఉప్పు. కణత దగ్గర ఒక చోట అది అద్దంలా ఉంది. లోపల ఆవగింజంత గులాబీ రంగు నీటిబుడగ చిక్కుకుపోయింది. కన్ను ఆనించి చూస్తాను. వాళ్లంతా బతికే ఉన్నారు. మధ్యలో అమ్మ, నలుసంత, పీట మీద కూర్చుని నా తల దువ్వుతోంది. అక్కడి నేను తల తిప్పి చూడను. అమ్మ దువ్వెన లాగినప్పుడల్లా, మంచం పక్కన వంగి ఉన్న నా తలలోంచి వెంట్రుకలు ఊడి నేల మీద పడుతున్నాయి. పడ్డవి పడ్డట్టే తెల్లగా, ఉప్పు పుల్లల్లా విరుగుతున్నాయి.