ముప్పై ఏడు పెచ్చులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అబద్ధం. ముక్కు మీద ఉంటే తుడుచుకునేవాణ్ణి కదా! నా కోపం కుడికాల్లో ఉంటుంది. యాక్సిలరేటర్ మీద.

మా మామగారికి ఒక పికప్ ట్రక్కు ఉంది. ముదురు ఎరుపు. కొని నాలుగేళ్ళయినా ఇవాళే షోరూంలోంచి దిగినట్టుంటుంది. రోజూ పొద్దున్నే తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి తుడుస్తాడాయన. తన ముఖం కడుక్కోవడం మరిచిపోయినా బండి ముఖం మరిచిపోడు. వయసు మీదపడి ఇక డ్రైవింగు మానేద్దామనుకున్నాక, తొమ్మిదేళ్ళుగా పరాయివాళ్ళ బండ్లు నడుపుతున్న నన్ను పిలిచాడు.

"అల్లుడూ, నేను పెద్దమ్మాయి దగ్గరికెళ్ళి ఆదివారం వస్తాను. ఈ వారం బండి నువ్వు నడుపు. ఇచ్చినట్టే తిరిగి చూపిస్తే అది నీదే. లేదంటే అమ్మేస్తా."

ఇన్నాళ్ళకి దేవుడికి నా అడ్రసు దొరికిందనుకున్నాను.

మంగళవారం ఒక కంకర లారీ నాకు దారివ్వలేదు. హారన్ కొట్టాను. లారీవాడు అద్దంలో నన్ను చూసి నవ్వాడు, లేదా నవ్వాడని నాకనిపించింది. అంతే, కుడికాలు బరువెక్కింది. అరగంటసేపు వాడి వెనకే అంటుకుపోయాను. లారీ వెనక తలుపు సందులోంచి కంకర రాలి, రోడ్డు మీద ఎగిరి, టపటపమంటూ నా బానెట్‌కి తగులుతోంది. నాకు వినపడుతూనే ఉంది. ఆగానా? ఆగలేదు.

ఇంటి ముందు బండి ఆపి చూసుకుంటే ప్రాణం ఉసూరుమంది. బానెట్ ముందు అంచంతా రంగు పెచ్చులూడి ఉంది. ఆవగింజంత నుంచి కందిగింజంత దాకా, లోపలి రేకు తెల్లగా కనపడుతూ. లెక్కపెడితే ముప్పై ఆరు. మా ఆవిడ వచ్చి మళ్ళీ లెక్కపెట్టి, "ముప్పై ఏడు. మీ లెక్కలూ మీ డ్రైవింగులాగే ఉన్నాయి," అంది. తర్వాత నా ముఖం చూసి జాలిపడినట్టుంది. "సూది పిన్ని దగ్గరికెళ్ళండి. ఆవిడ వల్ల కాకపోతే ఇంకెవరివల్లా కాదు," అంది.

మెకానిక్ షెడ్లన్నీ దాటాక, సందు చివర ఒక్క షట్టర్ కొట్టు ఆవిడది. యాభై అయిదేళ్ళుంటాయి. కళ్ళజోడు దారంతో మెడలో వేలాడుతూ ఉంటుంది. పెచ్చు ఊడినచోట పట్టిన తుప్పుని కుట్టుసూదితో గీకుతుందని అందరూ సూది పిన్ని అంటారు. ఆవిడ బానెట్ మీద చెయ్యి కూడా వెయ్యకముందే నేను మొదలుపెట్టాను.

"మొత్తం బానెట్‌కి రంగు కొట్టేయండి పిన్నీ. సాయంత్రానికి అయిపోవాలి."

"కొడతాను. అప్పుడు బానెట్ ఒక ఎరుపు, తలుపులు ఒక ఎరుపు. గుడ్డివాడికి కూడా తెలుస్తుంది."

"తలుపు పక్కన చీటీ మీద రంగు నంబరు ఉంది కదా! అదే తెప్పిస్తే..."

"ఆ నంబరు బండి పుట్టినరోజుది బాబూ. తర్వాత నాలుగేళ్ళ ఎండ తిన్నది ఇది. నీ పెళ్ళినాటి ఫొటో చూపిస్తే ఇప్పుడు నిన్నెవరైనా గుర్తుపడతారా?"

శనివారం సాయంత్రానికి ఇస్తానంది.

మొదటిరోజు, బుధవారం, ఆవిడ బండిని ముట్టుకున్నదే తక్కువ. కడిగింది, స్పిరిట్‌తో తుడిచింది, ఒక్కో పెచ్చు పక్కన సన్నటి తెల్ల టేపు ముక్క అంటించింది. మిగిలిన పొద్దంతా చిన్న రేకు ముక్కల మీద రంగు కలపడమే. ఎరుపులో చీమతలకాయంత నలుపు, ఇంకోదాంట్లో పసుపు. ఆరబెట్టడం, బానెట్ మీద పెట్టి ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి చూడటం, పెదవి విరిచి పక్కన పడేయడం. నాకు అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. పంతొమ్మిదో ముక్క బానెట్ మీద పెట్టింది. రేకు అంచు నీడ కనపడుతోంది కానీ రంగు ఎక్కడ ఆగిందో తెలియడం లేదు. అప్పుడు మొదటిసారి నేనూ కళ్ళు చికిలించి దగ్గరికి వంగాను.

రెండోరోజు సూదితో గీకి, రంగు పట్టడానికి అడుగున ప్రైమర్ పూత పెట్టి, అగ్గిపుల్ల చివర చెక్కి దాంతో రంగు పెట్టడం మొదలుపెట్టింది. గుంటలో ఒక్క చుక్క, అది కూడా గుంట నిండకుండా. ముప్పై ఏడూ అయ్యాక ఆగాలి. ఆరాక మళ్ళీ మొదటిదానికి రావాలి. అలా అయిదారుసార్లు. చూస్తూ కూర్చోలేక నాకు పిచ్చెక్కింది. ఆవిడ అన్నానికి లేచినప్పుడు అగ్గిపుల్ల తీసుకుని, చివరిదాంట్లో నిండుగా ఒక్క బొట్టు పెట్టేశాను. ఒక్కటైనా తొందరగా తెముల్తుంది కదా అని.

అది మొటిమలా పొంగి కూర్చుంది.

పిన్ని వచ్చింది. చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గుడ్డతో ఆ బొట్టు తుడిచేసి, మళ్ళీ సూది తీసింది. "పైన ఆరుతుంది, లోపల ఆరదు. నీ కోపం లాగే," అంది. ఆ ఒక్కదానికే ఆవిడ మర్నాడు పొద్దున్నే, కొట్టు తెరిచే వేళకి రెండు గంటల ముందే వచ్చింది.

శనివారం చుక్కలు ఎండి, వాటి మీద పారదర్శకంగా ఉండే క్లియర్ కోటు కూడా గట్టిపడింది. మెత్తటి ఎమరీ కాగితాన్ని నీళ్ళలో ముంచి, ఒక్క వేలితో రుద్దింది. పాలిష్ పట్టింది. టేపు ముక్కలన్నీ పీకి ఉండచుట్టి పారేసింది.

"ఏవీ?" అన్నాను.

"ఏవి?"

"అవే, పిన్నీ! ముప్పై ఏడు!"

"నన్నడిగితే? టేపులు పీకాక నాకూ తెలియదు. తెలిస్తే పని అవ్వనట్టే."

బానెట్ మీద ముఖం ఆనించి చూశాను. అందులో నా ముఖమే ఉంది, అంతే. అంత పెద్దవాణ్ణి, వీధిలో నిలబడి ఏడుపొచ్చినంత పనయింది. ఆవిడ మాత్రం చేతులు కడుక్కుంటూ, ముందంచుకి పలచని పారదర్శక ఫిల్మ్ వేయించుకోమనీ, చక్రాల వెనక రబ్బరు మడ్‌ఫ్లాపులు మార్చమనీ చెప్పింది. "అన్నిటికంటే ముఖ్యం, ముందు బండికి దూరంగా నడుపు. రాయి వచ్చి నీ బండికి తగల్లేదు బాబూ. నువ్వే వెళ్ళి రాయికి తగిలావు."

ఆదివారం పొద్దున పదింటికి మామగారు దిగాడు. చేతిలో సంచైనా కింద పెట్టకుండా బండి చుట్టూ తిరిగాడు. బానెట్ అంచంతా అరచేత్తో నిమిరాడు. మెట్ల మీద నుంచి మా ఆవిడ, నోరెత్తకండి అన్నట్టు పెదవుల మీద వేలు పెట్టి చూపించింది.

"శభాష్ అల్లుడూ! ఇక ఇది నీది," అని రెండో తాళంచెవి కూడా నా చేతిలో పెట్టాడు.

అక్కడితో ఊరుకుంటే అయిపోయేది. నిజం చెబుతున్నాను, నాకేమీ నిజాయితీ పొంగిపొర్లలేదు. నా బాధ వేరు. ఆయన చెయ్యి ఆవిడ నాలుగు రోజుల పని మీదుగా వెళ్ళింది, ఏమీ తెలియకుండా వెళ్ళిపోయింది. నేను నోరు మూసుకుంటే ఆ పని అసలు జరగనట్టే. తట్టుకోలేకపోయాను.

"మామయ్యా, ఇక్కడ ముప్పై ఏడు పెచ్చులు ఊడాయి."

"ఏంటి, వేళాకోళమా? ఎక్కడ?"

"ఇదిగో... ఇక్కడ... కాదు, ఇక్కడ..." వేలు పెట్టి వెతికాను. ఒక్కటి చూపించలేకపోయాను. మా ఆవిడ తల పట్టుకుని మెట్ల మీద కూలబడింది. లారీ సంగతి, నా కోపం, సూది పిన్ని అగ్గిపుల్ల, నేను పెట్టిన మొటిమ, అన్నీ చెప్పేశాను.

అంతా విని ఆయన చెయ్యి చాపాడు. రెండు తాళంచెవులూ ఇచ్చేశాను.

"రాళ్ళు పడుతున్న చప్పుడు వింటూ కూడా ఆగనివాడికి నా బండి ఇవ్వను," అన్నాడు. న్యాయమే.

ఇక లోపలికి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. బంపర్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ముక్కు రేకుకి తగిలేంత దగ్గరగా వంగి, వేలికొనతో జానెడు జానెడు తడుముతూ వెళ్ళాడు. ఈ చివర నుంచి ఆ చివరకి. మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకి.

"ఒక్కటి కూడా దొరకడం లేదురా," అన్నాడు, గుసగుసగా. నన్ను ఆయన 'రా' అనడం అదే మొదటిసారి.

"దొరకదు మామయ్యా."

"ఎండ ఇటు తిరగనీ. అప్పుడు చూద్దాం."

బండి పోయింది. రేపట్నుంచి మళ్ళీ పరాయివాళ్ళ స్టీరింగే. కడుపు మండుతూనే ఉంది, అబద్ధమెందుకు? అయినా ఆయన పక్కనే కూలబడి, ఎండ తిరిగేదాకా లేవలేదు నేను.