చెరువు వైపు కిటికీ

మా ఆయన నరేందర్ పసుపు పండిస్తాడు. పండించేదాకా బాగానే ఉంటుంది, అమ్మే దగ్గరే మా ఇంట్లో కొట్లాట. నిజామాబాద్ గంజ్ మార్కెట్‌లో ఎంత రేటు పలికినా "ఇంకా పెరుగుతది, ఆగు" అంటాడు. కొనేటప్పుడూ అదే జబ్బు, దిగేదాకా ఆగాలంటాడు. పోయినేడు గోవాలో గది రేటు దిగుతుందని ఆగి ఆగి, చివరికి నన్ను రైల్వేస్టేషన్ బెంచీ మీద పడుకోబెట్టాడు. ఆ నడుం నొప్పి నేనింకా మర్చిపోలేదు.

ఈసారి వియత్నాం. పసుపుకు మంచి ధర వచ్చిన సంబరంలో తనే మాటిచ్చాడు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ట్రావెల్స్ నడిపే, నాకు తమ్ముడి వరసయ్యే రవీందర్ హనోయ్‌కి టికెట్లు తీశాడు. హోటల్ మాత్రం నేనే ఫోన్‌లో వెతికి పెట్టాను. గది కిటికీ తెరిస్తే చెరువు కనిపిస్తుంది. నాకు ఆ కిటికీ కావాలి, అంతే.

"జర ఆగు. ముందుగాల దేశం సంగతి సూడాలె," అన్నాడు ఆయన. ఎద్దును కొనేముందు అది ఎవరింటిదో, ఏం మేసిందో అడిగే మనిషి కదా. వారం రోజులు మా ఊరు రెంజల్‌లో, ఇంటి వాకిట్లో మంచమేసుకుని వియత్నాం చరిత్ర చదివాడు.

"ఫ్రెంచోళ్లను ఎల్లగొట్టిండ్రు, అమెరికోళ్లను ఎల్లగొట్టిండ్రు. గట్టోళ్లే! గీ చెరువుల తాబేలు అడిగితే రాజు కత్తే వాపసిచ్చిండట. గసొంటోళ్లు మనకు గది రేటు తగ్గియ్యరా?"

"తాబేలు బేరమాడలే. ఉత్తగనే అడిగింది," అన్నాను.

ఇంతలో ఫోన్‌లో ఎర్రటి అక్షరాలు మెరిశాయి. రెండే గదులు మిగిలాయట. ఆయన పకపకా నవ్వాడు. "గంజ్‌ల దళారులు రోజూ జెప్పే మాటే గిది."

ఇక నావల్ల కాలేదు. మర్నాడే బస్సెక్కి కంఠేశ్వర్ పోయి, రవీందర్‌తో ఆ గది తీయించాను. కట్టిన పైసలు వాపసు రావన్నాడు. "రాకుంటే రాకపాయె. మీ బావకు జెప్పకు, జర ఉడకనీ," అన్నాను.

ఆ సాయంత్రం ఆయన ఫోన్ చూసి "ఒక్కటే ఉన్నది" అని గొణిగాడు. తెల్లారి చూస్తే అదీ లేదు.

"ఇగ ఏడ పండుదాం?" అని ఏడుపు ముఖం పెట్టాను.

"సూద్దాం తీయ్. ఇంకోటేదన్న దిగుతది," అన్నాడు మీసం దువ్వుకుంటూ.

నాకు ఒళ్లు మండింది. నేను మళ్లీ బెంచీ మీద పడుకున్నా ఈయనకు చీమ కుట్టినట్టయినా ఉండదనుకున్నాను. విమానం దిగేదాకా ఆయనతో సరిగా మాట్లాడలేదు.

హనోయ్ హోటల్లో కౌంటర్ దగ్గరి అమ్మాయి మా పాస్‌పోర్టులు చూసి రెండు తాళంచెవులు ఇచ్చింది. ఒక గది నా పేరు మీద ఉంది, రెండోది ఆయన పేరు మీద. వెంటనే రవీందర్‌కు ఫోన్ కొట్టాను.

"ఇద్దరూ జెప్పొద్దన్నరు గదక్కా! నేను మాట తప్పలే," అని కిసుక్కున నవ్వాడు ఆ దొంగ.

మా ఆయన తల గోక్కున్నాడు. "నిన్ను మల్ల బెంచీ మీద పండవెడ్తనా? బేరమాడకుంట తీస్కున్నంటే ఇజ్జత్ పోతదని జెప్పలే."

ఏడాదిగా దాచుకున్న నా కోపమంతా అక్కడే కరిగిపోయింది. పదిమందిలో ఉన్నామని కూడా చూడకుండా ఆయన చెయ్యి పట్టుకున్నాను.

పైకెళ్లి కిటికీ తెరిచాం. ఎదురుగా చెరువు. కింద గేటు దగ్గర ఓ జంట గది దొరక్క సంచులతో నిలబడి ఉంది.

"పాపం, మన రెండో గది వాళ్లకిచ్చేద్దామా?" అన్నాను.

ఆయన కిటికీలోంచి కిందికి తొంగి చూసి మీసం దువ్వాడు.

"ఆగు. పొద్దుగూకేసరికి రేటు ఇంకా పెరుగుతది."