బూడిద గళ్ళ కింద అక్క

బొమ్మల్లోకి మనుషులు తిరిగొచ్చారట, ఎక్కడికి పోయారని తిరిగి రావడానికి, ఇరవై ఏళ్ళుగా ఈ గదిలోనే ఉన్నారు కదా, పొద్దున్నే ఫోన్ చేసి ఎంత తియ్యగా చెప్పాడు గ్యాలరీవాడు, మేడమ్, ఇప్పుడంతా మనిషి బొమ్మలేనండి, ఏడుపు, కోపం, జనం ఎగబడుతున్నారు, మీ దగ్గర పాతదొకటి ఉండాలి, నోరు తెరిచి అరుస్తున్న ఆడమనిషి, పదకొండింటికి వచ్చి చూస్తాను, సిగ్గుండాలి, ఆ ఆడమనిషి మా అక్కరా, ఆసుపత్రి మంచం మీద నొప్పికి అరుస్తున్న మా అక్క, ఆ చివరి నెలలో ఎవరూ ఫోటో తియ్యలేదు, నేను వేసిందొక్కటే, అది చూసి వీడే కదా ముక్కు చిట్లించాడు, మొహాల కాలం పోయింది మేడమ్, ఇంత గోల ఎవరింట్లో పెట్టుకుంటారు, చక్కగా గళ్ళు వెయ్యండి అని, వేశాను, అప్పటికి ప్రదర్శనకు నాలుగు రోజులే ఉన్నాయి, వేరే కాన్వాసు లేదు, అక్క మీదే బూడిద రంగు గళ్ళు వేశాను, ఆ గళ్ళనూ ఎవరూ కొనలేదు, ఇప్పుడు కత్తి పట్టుకుని గీకుతున్నాను, రంగు కరిగించే మందు ఘాటుకు కళ్ళు మండుతున్నాయి, మండనీ, ముందు నోరు బయటపడుతుంది, అక్కడే రంగు దట్టంగా వేలితో పూశాను, ఏమే, నన్నింత వికారంగా వేస్తావా అని నవ్వబోయి దగ్గింది అక్క, అందంగా వేస్తే అది నువ్వు కాదే అన్నాను, వాడు వచ్చేలోపు తనని బయటికి తీస్తాను, తీసి చూపిస్తాను, చూపించి, ఇది అమ్మేది కాదు పోరా అని తలుపేస్తాను.

బూడిద కింద తెల్లపూత, తెల్లపూత కింద గుడ్డ, ఉత్త గుడ్డ, పక్కన గీకాను, అక్కడా గుడ్డే, కళ్ళుండాల్సిన చోటా గుడ్డే, అప్పుడు గుర్తొచ్చింది, గళ్ళ గీతలు తిన్నగా రావాలంటే కింద ఎత్తుపల్లాలు ఉండకూడదు, అందుకని ఉప్పుకాగితం తీసుకుని మధ్యాహ్నమంతా రుద్దాను, ఎత్తుగా ఉందని ముందు నోరే రుద్దాను, పొడి తడిగుడ్డతో తుడిచాను, నున్నగా వచ్చిందని సంతోషించాను కూడా.

తలుపు కొడుతున్నాడు, మేడమ్, ఉన్నారా అంటున్నాడు, తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి, కానీ ఆయన గళ్ళు వెయ్యమన్నాడు, అంతే, అక్కను చెరిపెయ్యమని ఆయన అనలేదు, ఎవరూ అనలేదు, అది నేనే చేశాను.