నాలుగో రూము, రెండో పరుపు

నేను ఒక పరుపును. మంచం మీద వేసే పరుపును కాను. చలి ప్రాంతాల్లో, టెంటులో, నేల మీద పరుచుకునే పరుపును. గాలి తీసి చుడితే లీటరు నీళ్ళ సీసా అంత ఉంటాను. గాలి నింపితే ఆరడుగుల పొడవు, మూడంగుళాల మందం. బరువు అరకిలో. నా మీద ఒక్క మనిషికే చోటు.

నన్ను తైవాన్‌లోని ఒక ఫ్యాక్టరీలో చేశారు. రెండు నైలాను బట్టల మధ్య వెండి రంగు రేకు పొరలు పెట్టి అంచులు వేడితో అతికించారు. మనిషి ఒంటి వేడి నేలలోకి పోకుండా ఆ రేకు ఆపుతుంది. గాలి నింపి రెండు రోజులు పక్కన పెట్టి, గాలి పోలేదని నిర్ధారించుకున్నాక, కాళ్ళ వైపు మూలన R 4.2 అని అచ్చు వేశారు. దాని అర్థం ముందే చెప్పేస్తాను. పరుపు నేల చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె అది. ఒకటి ఉంటే వేసవికి సరిపోతుంది. నాలుగు దాటితే నీళ్ళు గడ్డకట్టే చోట కూడా పడుకోవచ్చు. నన్ను చేసినవాళ్ళు ఇది అందరికీ తెలిసే సంగతి అనుకున్నారు.

నన్ను కొన్నది హరిణి. విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగి. హిమాలయాలకు వెళ్ళడానికి సరంజామా కొనుక్కోవాలని దుకాణానికి వచ్చింది. వెంట వాళ్ళ బావ శశిధర్ ఉన్నాడు. దుకాణంవాడు మూడు పరుపులు గాలి నింపి నేల మీద వేశాడు. ఒకటి ఆరంగుళాల గాలి పరుపు, ఒకటి స్పాంజి చాప, మూడోది నేను. హరిణి చెప్పులు విడిచి మూడింటి మీదా పడుకుంది. పక్కకు తిరిగి పడుకుని తుంటి నేలకు తగులుతుందేమో చూసుకుంది. తర్వాత లేచి మా మూలలు వెతికింది. గాలి పరుపు మీద అంకె లేదు.

"ఆ లావుపాటిది తీసుకోవే. ఇంత పెట్టి అప్పడం కొంటావేంటి?" అన్నాడు శశిధర్.

"అది మెత్తగా ఉంటుంది బావా. నాకు వెచ్చగా ఉండాలి."

"మెత్తగా ఉంటే వెచ్చగా ఉండదా?"

"లోపలంతా ఉత్త గాలి. నేల ఎంత చల్లగా ఉంటే ఆ గాలి అంత చల్లబడుతుంది. పైన నాలుగు రగ్గులు కప్పుకున్నా చలి కిందనుంచి లాగేస్తుంది."

"సరే, అప్పడమే కొనుక్కో. ఆకలేస్తే వేయించుకో."

దుకాణంవాడు నవ్వాడు. నన్ను చుట్టి సంచిలో పెట్టాడు. మనుషులు పరుపును చేత్తో నొక్కి చూసి కొంటారు. అంకె చూసి కొన్న మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

హరిణి నా మీద హిమాలయాల్లో పదకొండు రాత్రులు పడుకుంది. ఒక రాత్రి సీసాలో నీళ్ళు గడ్డకట్టాయి. ఆమె తెల్లవారేదాకా నిద్రపోయింది. నా బతుకులో నా అంకెకు తగ్గ పని చేసిన రోజులు అవే.

తర్వాతి ఏడాది డిసెంబరులో ఆమె స్నేహితులతో కలిసి పాడేరు వైపు కొండలు చూడడానికి వచ్చింది. మూడు రోజులు మూడు చోట్ల టెంట్లలో ఉన్నారు. మూడో చోటు గుమ్మలమెట్ట. పన్నెండు గడపల ఊరు. పొద్దున్నే కొండ అంచున నిలబడితే మేఘాలు కాళ్ళ కిందుగా ఉంటాయి. వాటిని చూడడానికి చలికాలంలో జనం వస్తారు. వెళ్ళేటప్పుడు హరిణి నన్ను టెంటు వెనక మరిచిపోయింది. మూడు చోట్లలో ఎక్కడ పోగొట్టుకుందో ఆమెకు గుర్తు లేకపోయి ఉంటుంది. నా కోసం ఎవరూ రాలేదు.

నేను దేవుడమ్మకు దొరికాను. ఆమె, ఆమె భర్త సోంబరి తమ పొలం చెక్కలో ఆరు టెంట్లు వేసి నడుపుతున్నారు. మొదటి ఏడాది వాళ్ళు టెంట్లలో వరిగడ్డి మందంగా పరిచి, దాని మీద చాప, చాప మీద దుప్పటి వేశారు. వాళ్ళ ఇంట్లో తరతరాలుగా పడుకునే పద్ధతి అదే. ఎవరికీ చలి వేయలేదు. కానీ వచ్చినవాళ్ళు ఫోన్లలో రాశారు. గడ్డి గుచ్చుకుంటోందని, పురుగులుంటాయని, ఫోటోలో పశువుల పాకలా కనబడుతోందని. రెండో ఏడాది దేవుడమ్మ గడ్డి తీసేసి ఆరంగుళాల గాలి పరుపులు తెచ్చింది. ఫోటోలు బాగా వచ్చాయి. అతిథులు మూడేసి రగ్గులు అడగడం మొదలుపెట్టారు.

దేవుడమ్మ ప్రతి వస్తువు మీదా రంగుతో టెంటు నంబరు వేస్తుంది. మగ్గు మీద, లాంతరు మీద, దుప్పటి మూలన. దానికి కారణం ఉంది. ముందటేడు ఒక అతిథి తన వాచీ పోయిందని ఫిర్యాదు చేస్తే పోలీసులు వచ్చి ఆమె ఇంట్లో ధాన్యం బస్తాలు కూడా కుమ్మరించి వెతికారు. వాచీ ఆ అతిథి కారు సీటు కింద దొరికింది. కుమ్మరించిన ధాన్యం ఆమే మళ్ళీ బస్తాల్లోకి ఎత్తుకుంది.

అందుకని నా మూలనున్న అచ్చు చూడగానే ఆమె ఆగిపోయింది. అయిదో తరగతి దాకా చదివింది. అక్షరం పోల్చుకుంది.

"ఇది ఏదో లాడ్జీది. రూము నాలుగు, పరుపు రెండు అని రాసుంది," అంది.

"టెంటు కాడికి లాడ్జీ పరుపెందుకొస్తాది?" అన్నాడు సోంబరి.

"ఎవుడో లేపుకొచ్చి ఇక్కడ పడీసి ఎలిపోనాడు. రేపు ఆలొస్తే మన మీదెట్టెత్తారు."

మర్నాడు సోంబరి నన్ను భుజాన వేసుకుని పాడేరు వెళ్ళి రెండు లాడ్జీలలో అడిగాడు. "బాబూ, తవఁరి నాలుగో రూములో పరుపేటైనా పోయిందా?" మొదటి లాడ్జీ గుమాస్తా నన్ను ఎగాదిగా చూశాడు. "మా రూములో పరుపు నలుగురు పట్టుకుంటే గానీ కదలదయ్యా. ఇది చిన్నపిల్లలు ఈతకొట్టేది," అన్నాడు. రెండో లాడ్జీలో నాలుగో నంబరు రూమే లేదు. సోంబరి నన్ను తిరిగి తెచ్చాడు. దేవుడమ్మ నన్ను సామాన్ల గదిలో బొగ్గుల బస్తా పక్కన పెట్టింది. ఎవరైనా అడిగితే ఇచ్చేయాలి, ఈలోగా ఎవరూ వాడకూడదు అని గట్టిగా చెప్పింది.

జనవరి రెండో వారంలో తుని నుంచి అక్కచెల్లెళ్ళు ఇద్దరు వచ్చారు. అక్క వరహాలమ్మకు అరవై ఒకటి. చెల్లెలు సుగుణకు యాభై రెండు. హైస్కూల్లో సైన్సు టీచరు. అక్కకు మేఘాలు చూపించాలని చెల్లెలు తీసుకొచ్చింది. వాళ్ళది సామాన్ల గది పక్క టెంటు. ఆ సాయంత్రం వాళ్ళు మాట్లాడుకున్నది నాకు గోడ ఇవతలికి వినబడింది. వినని చోట ఊహించి చెప్పను.

ఏడున్నరకు సోంబరి గుంజకు కట్టిన థర్మామీటరు చూసి మూడు డిగ్రీలని కేక వేశాడు. అప్పటికే వరహాలమ్మ పళ్ళు టకటకలాడుతున్నాయి.

"నడుం కింద ఎవరో ఐసుగడ్డ పెట్టినట్టుందే," అంది.

సుగుణ దేవుడమ్మను పిలిచింది. మూడో రగ్గు, నాలుగో రగ్గు వచ్చాయి. అయినా చలి తగ్గలేదు.

"అమ్మగోరూ, పరుపు తీసీసి గడ్డి పరుత్తాను. ఎచ్చగుంటాది," అంది దేవుడమ్మ.

"గడ్డా? మేమేమన్నా గొడ్లమా?" అంది సుగుణ.

వరహాలమ్మ నవ్వింది. "వేయించవే. చిన్నప్పుడు కళ్ళంలో దేని మీద పడుకున్నావేంటి?"

"నువ్వూరుకో అక్కా. డబ్బులిచ్చి గడ్డి మీద పడుకోవడమేంటి? ఏమమ్మా, కుంపటి ఉందా?"

"బయటెట్టి కాగొచ్చమ్మగోరూ. లోపలికి మట్టుకు ఇవ్వం."

"ఆవిడకి నడుం నొప్పి. బయట ఎంతసేపు కూర్చుంటుంది? కాసేపు పెట్టి తీసేద్దువు గానీ."

దేవుడమ్మ సామాన్ల గదిలోకి వచ్చింది. బొగ్గుల కోసం వంగినప్పుడు ఆమె చెయ్యి నా మీద పడింది. అక్కడే ఉండిపోయింది. సోంబరి గుమ్మంలో ఉన్నాడు.

"అదిచ్చీవే ఆ పెద్దమ్మకి. ఎవుడడుగుతాడు?"

"రేపు లాడ్జీవోడొచ్చి మా నాలుగో రూము పరుపు మీద ఎవులు తొంగున్నారని అడిగితే? వాచీ సంగతి మరిసిపోనావేటి?"

"నెల్లాళ్ళయింది, ఎవుడొచ్చినాడు?"

"మనది కానిది మనం ముట్టొద్దు."

ఆమె చెయ్యి తీసి బొగ్గులు ఎత్తుకుంది. ఆ నెల రోజుల్లో నేను ఎవరికైనా పనికివచ్చే అవకాశం అదొక్కటే. అది అర నిమిషం ఉంది. ఆమె తప్పు చేయలేదు, పరాయి సొమ్ము ముట్టలేదు. ఆ తర్వాత జరిగినదాని పక్కన ఈ మాట ఎలా పెట్టాలో నాకు తెలియదు.

కుంపటి టెంటు లోపల గుమ్మం దగ్గర పెట్టి దేవుడమ్మ తలుపు జిప్పు పైదాకా తెరిచింది. "అమ్మగోరూ, ఇది మూయకండి. బొగ్గు సెగ సెడ్డది. అరగంటకొచ్చి తీసుకుపోతాను," అంది. అదే సమయానికి కింది మలుపులో ఒక జీపు ఆగిపోయింది. అందులో నలుగురు అతిథులు, పిల్లలు. వాళ్ళను పైకి తీసుకురావడానికి దేవుడమ్మ, సోంబరి ఇద్దరూ లాంతర్లు పట్టుకుని దిగారు. తిరిగి రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. పక్క టెంటు జిప్పు మూసి ఉంది. లోపల వెలుగు లేదు. సోంబరి గుడ్డ మీద తట్టాడు. "కుంపటి ఆరిపోయింది, పడుకున్నాం," అని సుగుణ గొంతు మత్తుగా పలికింది. నిద్రమత్తనుకున్నాడు.

తెల్లవారి అయిదున్నరకు మేఘాలు చూడమని లేపడానికి వెళితే జవాబు లేదు. సోంబరి జిప్పు తీశాడు. తర్వాత నాకు వినబడినవి దేవుడమ్మ కేక, ఎవరిదో బండి స్టార్టయిన చప్పుడు. సుగుణకు ఆసుపత్రిలో మధ్యాహ్నానికి తెలివి వచ్చింది. వరహాలమ్మకు రాలేదు.

పోలీసులు కుంపటిని, రెండు గాలి పరుపులను పట్టుకెళ్ళారు. సామాన్ల గది తెరిచి నా మూల చూసి, ఇదెక్కడి లాడ్జీదని అడిగారు. దేవుడమ్మ తనకు తెలిసింది చెప్పింది. నన్ను కూడా పట్టుకెళ్ళారు. అజాగ్రత్తతో ప్రాణం తీశారని మొగుడూ పెళ్ళాల మీద కేసు రాశారు. సోంబరిని తీసుకెళ్ళారు. టెంట్లు విప్పించారు.

స్టేషనులో సామాన్ల గది నిండిపోయిందని నన్ను వరండాలో గోడకు ఆనించారు. పద్నాలుగో రోజున సుగుణ వాంగ్మూలం ఇవ్వడానికి వచ్చింది. వెంట వరహాలమ్మ కొడుకు నూకరాజు ఉన్నాడు. గుండు మీద టోపీ పెట్టుకున్నాడు. దేవుడమ్మ మొగుడి సంగతి అడగడానికి రోజూ వచ్చినట్టే ఆ రోజు కూడా వచ్చి మెట్టు మీద కూర్చుంది. హెడ్ కానిస్టేబుల్ గాలి కోసం బల్ల వరండాలో వేయించుకున్నాడు.

నూకరాజు పిన్ని చెవి దగ్గర మెల్లగా చెప్పాడు. నేను ఆ పక్కనే ఉన్నాను. "కుంపటి వాళ్ళే తెచ్చి పెట్టారను పిన్నీ. నిజమే కదా. ఇంకేం చెప్పొద్దు."

హెడ్ కానిస్టేబుల్ నన్ను చూపించాడు. "ఇది మీ టెంటులోదా మేడమ్? నాలుగో రూము అని ఉంది."

సుగుణ వంగి నా మూల చూసింది. కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది. "ఇది రూము నంబరు కాదండి. చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె. నేల మీద వేసుకుంటే చలి తగలదు. ఎనిమిదో క్లాసులో ఇదే చెప్తాను నేను, ఏ వస్తువు వేడిని పోనిస్తుంది, ఏది పోనివ్వదు అని."

దేవుడమ్మ మెట్టు మీంచి లేచింది. "అయితే ఇది లాడ్జీది కాదేటమ్మా?"

"కాదు."

"ఇది... ఆ పెద్దమ్మకేసుంటే ఆయమ్మ కుంపటి అడక్కపోనేమో."

దేవుడమ్మ మళ్ళీ కూర్చుంది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు నుంచి ఆమెకు తనను తాను తిట్టుకోవడానికి కొత్త కారణం దొరికింది. అది ఇచ్చింది నా అంకె.

సుగుణ ఆమెను చూసి బల్ల వైపు తిరిగింది.

"రాసుకోండి," అంది హెడ్ కానిస్టేబుల్‌తో. "కుంపటి అడిగింది నేను. ఈవిడ లోపలికి ఇవ్వనంది. నేను బలవంతం చేశాను. తలుపు తెరిచి పెట్టి మూయొద్దని చెప్పింది."

"పిన్నీ," అన్నాడు నూకరాజు.

"గాలి వస్తోందని మూసింది నేను. అక్క వద్దంది. ఊపిరాడదేమోనే అంది. పది నిమిషాలే అన్నాను. కుంపటి ఆరిపోయిందని వీళ్ళాయనతో అన్నది కూడా నేనే. ఆరలేదు."

"మేడమ్, ఇది రాస్తే కేసు మారుతుంది. మీకు ఇబ్బంది. ఆలోచించుకోండి."

"రాయండి."

నూకరాజు టోపీ తీసి చేతిలో నలిపాడు. "మా అమ్మని నువ్వే..." అన్నాడు. మెట్లు దిగి కారెక్కాడు. కారు వెళ్ళిపోయింది. హెడ్ కానిస్టేబుల్ రాసింది చదివి వినిపించాడు. సుగుణ ప్రతి పేజీ కిందా సంతకం పెట్టింది. ఒకచోట 'అతిథి' అన్న మాటలో 'థి' బదులు 'ధి' పడితే దిద్దించింది. అలవాటు.

తర్వాత ఆమె వరండా చివర నిలబడింది. తుని ఎలా వెళ్ళాలో ఆమెకు తెలియదని చూస్తేనే తెలుస్తోంది. దేవుడమ్మ మెట్టు మీద కొంచెం పక్కకు జరిగింది.

"బస్సు అయిదింటికమ్మగోరూ. నర్సీపట్నంలో మారాల. కూకోండి."

సుగుణ కూర్చుంది. ఇద్దరి మధ్య జానెడు చోటు ఉంది. బస్సు వచ్చినప్పుడు దేవుడమ్మే చెయ్యెత్తి ఆపింది.