చివరి మూడు అక్షరాలు

పెన్సిలు మొనను ఒక్కొక్క అక్షరం మీద ఆనిస్తూ ఆమె కోడు చదువుతోంది. మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకువి, తర్వాతి రెండు దేశానివి, ఆపై రెండు ఊరివి, చివరి మూడు బ్రాంచివి. విదేశాలకు డబ్బు పంపే కౌంటరులో ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. మధ్యవేలి పక్కన పెన్సిలు ఒరిసి కాయ కాచింది. ఆఫీసులో ఆమెను పుస్తకమక్క అంటారు. కోడ్ల పుస్తకం ఎవరూ తెరవరు, ఆమెను అడుగుతారు.

"పొయ్యి ఆపి వచ్చిందో లేదో గుర్తుండదు గానీ, నిద్రలో లేపి అడిగినా కోడు చెప్పేస్తుంది మా అక్క," అంటాడు పక్క కౌంటరు క్యాషియరు.

ఆమె నవ్వి ఊరుకుంటుంది. ఇంట్లో ఒక గది, ఒక కుర్చీ. అక్కడ ఆమెను ఏదైనా అడిగేవాళ్లు లేరు.

పదిన్నరకు దర్జీ ఆవిడ వచ్చింది. ఐదు రోజుల్లో ఇది మూడోసారి. ఆమె చెల్లెలు వేరే దేశంలో వంటపనికి కుదిరి, అక్కడే ఆసుపత్రి పాలైంది. ముందుగా సొమ్ము కడితేగాని ఆపరేషన్ చెయ్యమన్నారు.

"ఇంకా ముట్టలేదంటమ్మా. మీరు నిజంగా పంపారా, పంపామని నాతో అన్నారా?"

"మా అక్క చేతిమీదుగా వెళ్తే దారి తప్పదమ్మా," అన్నాడు క్యాషియరు.

పుస్తకమక్క ఫైలు తీసింది. ఫారం మీద దర్జీ ఆవిడ గుండ్రంగా రాసుకొచ్చిన కోడు ఉంది. చివరి మూడు అక్షరాలు కొట్టేసి, పైన ఎర్రసిరాతో వేరే మూడు. తన రాతే. ఆ బ్రాంచి తనకు తెలిసినదే కదా అని, మారు ఆలోచన లేకుండా దిద్దింది.

సొరుగు అడుగున రెండు నెలల కిందటి సర్క్యులరు దొరికింది. ఆ బ్రాంచిని మరో బ్రాంచిలో కలిపేశారు. కోడు మారింది. కాగితం చివర "చూశాను" అని తన సంతకం. చూడలేదు.

ఆలస్యం అవతలివాళ్లదే అంటే దర్జీ ఆవిడ నమ్ముతుంది. క్యాషియరూ నమ్ముతాడు.

"తప్పు నాదమ్మా. మీరు సరిగ్గానే రాశారు. నేనే కొట్టేశాను."

క్యాషియరు నోట్లు లెక్కపెట్టడం ఆపాడు.

"ఎందుకు కొట్టేశారమ్మా?" దర్జీ ఆవిడ గొంతు పెంచలేదు. "మా చెల్లి మంచంలోంచి ఆయాసపడతా ఒక్కో అక్షరం చెప్తే రాసుకున్నా. రెండుసార్లు చెప్పించా కూడా."

"కూర్చోండి. సాయంత్రంలోగా చేరేలా చూస్తాను."

డబ్బును సరైన కోడుకు మళ్లించమని అవతలి బ్యాంకుకు సందేశం రాసింది. సర్క్యులరు పక్కన పెట్టుకుని మూడుసార్లు సరిచూసి పంపింది. తర్వాత ఫోన్లు చేసింది. టిఫిన్ డబ్బా మూత తీయలేదు. మధ్యలో మేనేజరు వచ్చి ఏదో బ్యాంకు కోడు అడిగాడు.

"లిస్టులో చూసి చెప్తానండీ," అంది.

ఆయన వింతగా చూశాడు. క్యాషియరు తలెత్తలేదు.

మూడు దాటాక జవాబు వచ్చింది. సొమ్ము ఆసుపత్రి ఖాతాలో పడింది. అచ్చు తీసిన కాగితం పట్టుకుని, కుర్చీ కింద విడిచిన చెప్పులు కూడా వేసుకోకుండా ఆమె కౌంటరు బయటి బల్ల దగ్గరికి వచ్చింది.

దర్జీ ఆవిడ లేచి నిలబడి ఉంది. ఫోను చెవి దగ్గరి నుంచి దించి, దానివైపే చూస్తోంది.

"ముట్టిందమ్మా," అంది పుస్తకమక్క.

"మా చెల్లి ఇందాకే పోయిందంట."

ఆవిడ కాగితం అందుకుంది. జాగ్రత్తగా నాలుగు మడతలు పెట్టింది. ఏం చెయ్యాలో తెలియనట్టు తిరిగి పుస్తకమక్క చేతిలోనే పెట్టింది.

"దాన్ని ఇక్కడికి తెచ్చుకోవాలంటే ఎవర్ని అడగాలో," అని తనలో తాను అనుకుంటూ, తలుపు తోసుకుని ఎండలోకి వెళ్లిపోయింది.

బల్ల మీద ఆవిడ గుడ్డసంచి ఉండిపోయింది. అందులో, పడుకున్నవాళ్లకు తొడగడానికి వీలుగా ముందువైపు తెరుచుకునే వదులు గౌను. నాలుగు గుండీలు కుట్టి ఉన్నాయి. ఐదోది సగంలో ఉంది, సూది దారంతో సహా గుడ్డలో గుచ్చి.