గండి దగ్గర కుర్చీలు

చెయ్యి ఊపడం కూడా నేర్చుకోవాల్సిన విద్యేనని ఆ ఊరివాళ్ళకు అంతకుముందు తెలియదు. వారం రోజులుగా ఊరంతా అదే సాధన. వలలు అల్లుకునే ముసలివాళ్ళు, చేపలు ఆరబెట్టే ఆడవాళ్ళు, కిరాణా కొట్టు యజమాని, ఆఖరికి ఎవరితోనూ మాట్లాడని పోస్టుమాన్ కూడా కొత్తముఖం కనబడగానే పని ఆపి, పళ్ళు కనిపించేలా నవ్వి, చెయ్యెత్తి ఊపాలి. ఇది పర్యాటక సంఘం కార్యదర్శి పెట్టిన నియమం.

"మెల్లగా ఊపండర్రా! ఈగలు తోలుతున్నట్టు ఆ ఊపుడేంటి?" అని ఆయన వీధివీధికీ తిరిగి దిద్దుతున్నాడు.

"వచ్చేది చుట్టాలా, అధికారులా?" అని అడిగింది చేపలమ్మే ముసలావిడ.

"రెండూనే పెద్దమ్మా. అందుకే రెట్టింపు నవ్వాలి."

"నాకున్నవి నాలుగు పళ్ళు. వాటితోనే సరిపెట్టుకోమను," అందామె.

నవ్వుకోవడానికి బాగానే ఉంది గాని, ఆ నవ్వుల వెనక ఉన్నది ఆకలి. రోడ్డు ఆ ఊరితో ఆగిపోతుంది. ఆ తర్వాత ఇసుక, ఆ తర్వాత సముద్రం. బస్సు వారానికి రెండుసార్లు వస్తుంది, డ్రైవరుకు ఒంట్లో బాగుంటే. చేపలు ఏటికేడాది తగ్గిపోతున్నాయి. ఒంట్లో సత్తువ ఉన్న మగవాళ్ళందరూ ఏడాదిలో పది నెలలు దూరాన ఉన్న పెద్ద రేవుకు పోయి, ఓడల్లో మూటలు మోసి బతుకుతున్నారు. అటువంటి ఊరికి ఒక యాత్రల కంపెనీ కబురు పంపింది. తమ అధికారిణి శనివారం కుటుంబంతో వచ్చి ఒక పూట ఉండి చూస్తుందట. ఆమెకు నచ్చితే, సంతకం చేస్తే, ఇక వారం వారం ఒక బస్సు నిండా యాత్రికులు.

ఆ అధికారిణి దిగబోయేది పెద్దకోడలి ఇంట్లో. ఈ పెద్దకోడలు కార్యదర్శికి సొంత వదిన. ఆ ఇంటి పెద్దకొడుకును చేసుకుంది కనక అత్తవారితోపాటు ఊరంతా ఆమెను అలాగే పిలుస్తారు. భర్త సరంగు, అంటే పడవ నడిపే మనిషి. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్న రోజులన్నీ పోగేస్తే రెండేళ్ళు దాటవు. ఈసారి మాత్రం ఆయన రేవుకు పోయే ప్రయాణం వాయిదా వేశాడు. "ఆ అమ్మగారు సంతకం పెడితే ఉండిపోతాను. మన గదులు అద్దెకిచ్చుకుందాం, జనాన్ని పడవ మీద తిప్పుకుంటాను," అన్నాడు. పెద్దకోడలు ముందరి రెండు గదులకూ తనే సున్నం వేసింది. మంచాలకు కొత్త దుప్పట్లు పరిచింది. ఆమెకు బస్సులూ యాత్రికులూ ఏవీ అక్కర్లేదు. ఆ మనిషి ఇంట్లో ఉంటే చాలు.

ఇక గండి సంగతి చెప్పాలి. తీరం పొడవునా అలలు విరిగి నురగలు కక్కుతుంటే, ఒక్కచోట మాత్రం నీళ్ళు నున్నగా, అద్దంలా ఉంటాయి. ఒడ్డుకు కొట్టిన నీరంతా తిరిగి లోపలికి పోయే దారి అది. దానినే గండి అంటారు. మోకాలి లోతులో నిలబడితే కాళ్ళ కింద ఇసుకను లాగేస్తుంది. నడుం లోతుకు పోతే మనిషినే లాగేస్తుంది. నురగ ఉన్నచోట ఫరవాలేదు, నున్నగా ఉన్నచోటే మృత్యువు అన్నది ఆ ఊరి పిల్లలకు ఉగ్గుపాలతో అబ్బిన చదువు. గండి ఎదురుగా ఒక గుంజ, దానికి మందపాటి చెక్క ఉండేవి. "ఇక్కడ నీళ్ళలో దిగవద్దు" అని పైన, ఆ గండి మింగిన పదకొండు మంది పేర్లు కింద, ఉలితో చెక్కారు. చివరి పేరు పెద్దకోడలి అన్నది. కొట్టుకుపోతున్న వల కోసం దిగి, పంతొమ్మిదేళ్ళకే పోయాడు. ఆ చెక్క పాతింది అతను పోయిన తర్వాతే. పాతిన పద్నాలుగేళ్ళలో కొత్త పేరు చేరలేదు.

సంఘం సమావేశంలో కార్యదర్శి ఆ మాటే ఎత్తాడు. "అతిథులు ఒడ్డుకు రాగానే చూడాల్సింది చచ్చిపోయినవాళ్ళ పేర్లా? విందుకు పిలిచి శ్మశానం చూపించినట్టుంది."

"తీసేస్తే ప్రమాదం కదూ?" అన్నాడు వడ్రంగి.

"ఎవరికి? పద్నాలుగేళ్ళలో ఒక్కడు దిగాడా? మన ఊళ్ళో కుక్క కూడా ఆ నీళ్ళ మొహం చూడదు."

నిజమే కదా అనుకున్నారందరూ. పెద్దకోడలు ఏదో అనబోయింది గాని, భర్త ముఖం చూసి ఊరుకుంది. పీకిన చెక్క గట్టిగా ఉంది, పారెయ్యడానికి ఆమెకు చేతులు రాలేదు. అతిథుల గదిలో మంచం పైన గోడకు సామాను పెట్టుకునే అరలా అడ్డంగా కొట్టించింది. "చెక్కిన వైపు కిందికి పెట్టవయ్యా. మా అన్న పేరు మీద ఎవరి సామానో పెట్టడం నాకిష్టం లేదు," అని భర్తకు చెప్పింది. ఆయన అలాగే కొట్టాడు.

ఆ పైన కార్యదర్శి పట్నం నుంచి నాలుగు వాలు కుర్చీలు, ఒక పెద్ద రంగుల గొడుగు తెప్పించాడు. వాటిని ఎక్కడ వెయ్యాలన్నది పెద్ద చర్చ అయింది. అన్నిచోట్లా అల వచ్చి కుర్చీలను తడిపేస్తోంది. గండి దగ్గర ఒక్కచోటే అల రాదు. అక్కడే వేశారు. చదివేవారు కార్యదర్శిని దుర్మార్గుడనుకుంటే పొరపాటు. ఆ ఊళ్ళో ఎవరూ సరదాకు సముద్రంలో దిగరు. వంట చేసేవాడు సరదాకు పొయ్యిలో చెయ్యి పెడతాడా? కుర్చీలో కూర్చున్నవాడు లేచి నీళ్ళలోకి నడుస్తాడన్న ఊహే వాళ్ళకు రాలేదు. వాళ్ళు కుర్చీల గురించి ఆలోచించారు.

శనివారం ఉదయం అధికారిణి వచ్చింది. వెంట భర్త, పదేళ్ళ కూతురు. ఊరంతా చేతులు ఊపింది. ముసలావిడ నాలుగు పళ్ళూ ఖర్చు పెట్టింది. అధికారిణి మితభాషి. గదులు చూసింది, కుళాయి తిప్పి చూసింది, మరుగుదొడ్డి తలుపు గడియ వేసి చూసింది. అన్నిటికీ కాగితం మీద ఒక గుర్తు పెట్టుకుంది. భోజనాల దగ్గర మాత్రం తలెత్తి అడిగింది.

"ఇక్కడ సముద్రం ఎలా ఉంటుంది? ప్రమాదాలేమైనా జరిగాయా?"

"అబ్బే! మా సముద్రం సాధువైన ఆవులాంటిదండీ. కొమ్ము విసరడం ఎరగదు," అన్నాడు కార్యదర్శి.

పెద్దకోడలు గరిట పట్టుకుని అక్కడే ఉంది. ఆమెకు అన్న గుర్తొచ్చాడు. తడి చొక్కాతో ఇసుక మీద పడుకోబెట్టిన ఆ రోజు గుర్తొచ్చింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసి, "ఇంకొంచెం వడ్డించనా అమ్మా?" అంది.

మధ్యాహ్నం అధికారిణి కార్యదర్శితో ఊరు చూడటానికి వెళ్ళింది. ఆమె భర్త తువ్వాలు భుజాన వేసుకుని ఒడ్డు వైపు నడిచాడు. పిల్ల ప్రయాణపు బడలికతో మంచం మీద పడుకుంది. పెద్దకోడలు కూజాలో మంచినీళ్ళు పెట్టడానికి గదిలోకి వచ్చేసరికి ఆ పిల్ల వెల్లకిలా పడుకుని, వేలు పైకి చూపిస్తూ, ఒక్కొక్క పేరే కూడబలుక్కుని చదువుతోంది. నిలబడ్డవాళ్ళకు కనబడని రాత, పడుకున్నవాళ్ళకు కళ్ళ ముందే ఉంటుందని ఇంట్లో ఎవరికీ తోచలేదు.

"ఆంటీ, వీళ్ళెవరు? ఇక్కడ నీళ్ళలో దిగవద్దు అని ఎందుకు రాశారు?"

పెద్దకోడలు కూజా కింద పెట్టింది. "అదా... అది ఎక్కడిదో పాత చెక్క తల్లీ. మన ఊరిది కాదు," అంది.

"అయితే ఫరవాలేదు," అంది పిల్ల తేలిగ్గా. "నాన్న ఈతకు వెళ్ళారు. ఆ కుర్చీలు వేసినచోటే బాగుందట. అక్కడ అలలు లేవు కదా, నేను నిద్ర లేచాక నన్ను కూడా దింపుతానన్నారు."

అప్పుడు తెలిసింది పెద్దకోడలికి, తాము చేసిన పని ఏమిటో. హెచ్చరికను పీకేసి ఊరుకోలేదు. అదే చోట కుర్చీలు వేసి, గొడుగు పాతి, రండి దిగండి అని పిలిచారు.

ఆమె చెప్పుల్లేకుండా పరుగెత్తింది. ఒడ్డుకు చేరేసరికి ఆయన నడుం లోతులో ఉన్నాడు. "రండి బాబూ! వెనక్కి వచ్చెయ్యండి!" అని అరుస్తూ రెండు చేతులూ ఊపింది. గాలి మాటల్ని ఎత్తుకుపోయింది. ఆయనకు చేతులు మాత్రమే కనిపించాయి. పొద్దుటి నుంచీ ఆ ఊళ్ళో ప్రతివాళ్ళూ తనకు చెయ్యి ఊపుతూనే ఉన్నారు. ఆయన కూడా మర్యాదగా నవ్వి, చెయ్యి ఊపి, ఇంకో అడుగు లోపలికి వేశాడు. ఆ అడుగుకు ఆనడానికి నేల లేదు.

సరంగు కాస్త ఎడంగా, పడవ చాటున వల ఆరబెడుతున్నాడు. భార్య కేక వినగానే మరో ముగ్గురిని పిలిచి పడవను నీళ్ళలోకి తోశాడు. గండిలో పడ్డవాడు ఒడ్డుకు ఎదురీదకూడదు. నీరు తీసుకుపోయినంత దూరం పోయి, అది వదిలాక పక్కకు ఈదాలి. ఊళ్ళో పసివాడికైనా తెలిసిన ఈ ముక్క ఆయనకు చెప్పినవాళ్ళు లేరు. ఒడ్డు వైపే చూస్తూ, ఒడ్డు వైపే ఈదుతూ, చేతులు పడిపోయి మునిగిపోతుండగా సరంగు జుట్టు దొరకబుచ్చుకున్నాడు. పడవలోకి లాగి, బోర్లా పడుకోబెట్టి నీళ్ళు కక్కించారు. ప్రాణం దక్కింది. పన్నెండో పేరు చెక్కాల్సిన పని తప్పింది.

గంట తర్వాత ఆయన దుప్పట్లు కప్పుకుని అదే మంచం మీద పడుకున్నాడు. పిల్ల ఆయన చెయ్యి వదలడం లేదు. ఆ పిల్లే తల్లికి పైకి చూపించింది. అధికారిణి వంగి, ఆ అర అడుగున ఉన్నదంతా చదివింది. గుమ్మంలో కార్యదర్శి నేలచూపులు చూస్తున్నాడు.

"ఇది ఎక్కడిది?"

"ఇక్కడిదేనమ్మా," అంది పెద్దకోడలు. "పది రోజుల కిందట తీశాం. గోడకు కొట్టించింది నేనే. ఆఖరి పేరు మా అన్నది. భోజనాల దగ్గర మీరడిగినప్పుడు నోరు మూసుకున్నదీ నేనే. ఇందాక మీ పాపతో అబద్ధం చెప్పిందీ నేనే."

అధికారిణి ఏ కోపమూ లేని గొంతుతో అంది. "నేను చాలా తీరాలు చూశాను. ప్రమాదం లేని సముద్రం ఎక్కడా లేదు. ఈ చెక్క దాని చోట ఉండుంటే మేం చదివేవాళ్ళం, కాస్త భయపడేవాళ్ళం, పక్కకు జరిగి కూర్చునేవాళ్ళం. సాయంత్రం నేను సంతకం పెట్టి వెళ్ళేదాన్ని."

సంతకం లేని కాగితాలు సంచిలో పెట్టుకుని ఆమె చీకటి పడకముందే భర్తనూ కూతుర్నీ తీసుకుని వెళ్ళిపోయింది. కారు కనుమరుగయ్యేదాకా కార్యదర్శి రోడ్డు మీదే నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున్నే సంఘం కూడింది. చెక్కను మళ్ళీ పాతాలని పెద్దకోడలు పట్టుబట్టింది. సరంగు ఎవరి తీర్పు కోసమూ ఆగలేదు. అప్పటికే దాన్ని గోడ నుంచి ఊడదీసి, భుజాన మోసుకొచ్చి గుమ్మానికి ఆనించాడు. రేవుకు పోయే అతని సంచి కూడా ఇంట్లో సిద్ధంగా ఉంది.

"ఉన్న పరువు నిన్న పోయింది. ఇప్పుడు ఇది కూడా పాతితే ఇక ఈ దిక్కుకు ఎవరొస్తారు వదినా?" అన్నాడు కార్యదర్శి. అతని గొంతులో కోపం కన్నా దుఃఖమే ఎక్కువగా ఉంది. "అన్నయ్య రేపు వెళ్ళిపోతున్నాడు. చేజేతులా నువ్వే సాగనంపుతున్నావు."

పెద్దకోడలు భర్త వైపు చూసింది. కళ్ళు తుడుచుకుంది. దాచుకోలేదు.

"పోనీ మరిదీ. ఊరు దాటినవాడు ఏడాదికైనా తిరిగొస్తాడు. గండి దాటినవాడు రాడు. ఆ సంగతి ఈ ఊళ్ళో నాకంటే బాగా ఎవరికి తెలుసు? అయినా నా మొగుడు ఇంట్లో ఉంటాడన్న ఆశతో ఇంకో ఆడదాని మొగుణ్ణి నీళ్ళలోకి పంపాను. ఈ తప్పు నేను చచ్చేదాకా మోస్తాను." ఆమె వెళ్ళి గుమ్మానికి ఆనించిన చెక్క మీద చెయ్యి వేసింది. "జనం రావాలి. మన మగవాళ్ళు ఇళ్ళల్లో ఉండాలి. ఈ ఏడు కాకపోతే పై ఏడు పిలుద్దాం, ఇంకో పదిసార్లు పిలుద్దాం. కానీ రండి అని పిలిచిన నోటితోనే, ఇక్కడ దిగకండి అని కూడా చెప్పాలి. అది చెప్పే ధైర్యం లేని ఊరికి, ఎవర్నీ రమ్మనే హక్కు లేదు."