మీగడ మీద చాప

యూసఫ్‌గూడలో పట్టాభిగారి మేడ మీది వాటా, ఆయన ప్రశ్న అడిగినప్పుడల్లా జానెడు కురచవుతుంది. ఇందులో వింతేం లేదు. ఆ పేటలో అద్దె గదులన్నీ అంతే. కురచవనిది అద్దె ఒక్కటే.

సుగుణ ఈ సంగతి తెలిసే వచ్చింది. పాత ఇంటివాళ్లు పొద్దున్నే తాళం మార్చేశారు. సామానంతా కింద ట్రాలీ ఆటోలో ఉంది. ఆ సామాను మీద కూతురు జెస్సీ, ఒళ్లు కాలిపోయే జ్వరంతో, చుట్టిన పరుపుకి ఆనుకుని మూలుగుతోంది. పొద్దు గుంకేలోపు ఆ పిల్లని ఎక్కడో ఒకచోట కాళ్లు చాపుకుని పడుకోనివ్వాలి. సుగుణకి ఇంకేం అక్కర్లేదు.

"ఎంతమంది ఉంటారమ్మా?" అంటారు పట్టాభిగారు.

"నేనూ, మా అమ్మాయీ అండీ."

గోడ జానెడు లోపలికి జరుగుతుంది.

"మీ ఆయన లేరా? పోయారా, వదిలేశారా?"

గుక్క తిప్పుకోకుండా అన్నేసి ప్రశ్నలు. బాత్రూం వంటింట్లోకి వచ్చేస్తుంది. సుగుణ పళ్లు కొరుక్కుంటుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు గానీ, ఇల్లున్నవాడి ముందు చెప్పేవాళ్లే లోకువ. ఈయన నోరు మూస్తే గది మిగులుతుంది. ఆ నోరు మూతపడితేగా!

"నీసు వండుతారా?"

కిటికీ పోతుంది.

"వండమండీ," అని సుగుణ అబద్ధమాడుతుంది. ఆ అబద్ధానికి గది అంగుళం కూడా పెరగదు.

ఇక మిగిలింది ఒక్క ప్రశ్నే. ఇల్లున్నవాళ్లంతా దాన్ని విస్తట్లో మిఠాయిలా చివరికి దాచుకుంటారు. అది అడిగేలోపు పాలు పొంగించేస్తే చాలు. పాలు పొంగిన ఇంట్లోంచి మనిషిని ఆ రోజే వెళ్లగొట్టడం అరిష్టం. పట్టాభిగారికి అరిష్టాలంటే హడల్. ప్రతి ఆదివారం చర్చికెళ్లే సుగుణ కూడా ఇల్లు మారితే పాలు పొంగించకుండా ఉండదు. గబగబా సంచీలోంచి చిన్న స్టవ్వు తీసి వెలిగించి, ప్యాకెట్టు పంటితో చింపి గిన్నెలో పోస్తుంది.

పాలు అంచుదాకా వస్తాయి. సరిగ్గా అప్పుడే పట్టాభిగారు గొంతు సవరించుకుంటారు.

"మాకు పట్టింపులేం లేవనుకో. ఊరికే తెలుసుకుందామని. ఇంతకీ మీరేవిట్లమ్మా?"

కులం అన్న మాట ఆయన నోట రాదు. మర్యాదస్తుడు.

గది అగ్గిపెట్టంత అయిపోయి స్టవ్వుని మింగేస్తుంది. సుగుణ ఇప్పుడు బయట మెట్ల మీద నిలబడి ఉంది, గిన్నె చేతుల్లో ఉంది. ఆమెకి ఒళ్లు మండిపోతోంది. ఆ చేతుల వేడికే పాలు మరుగుతున్నాయి.

"చెప్పను," అంటుంది. "చచ్చినా చెప్పను."

పాలు పొంగుతాయి. ఆగవు. మెట్లు దిగుతాయి, గేటుని ముంచుతాయి, సందంతా నిండుతాయి. కరెంటు స్తంభాలకి కట్టిన టులెట్ బోర్డులు ఒక్కటొక్కటే మునుగుతాయి. కాసేపటికి అంతా చల్లారి మీగడ కడుతుంది. దాని మీద గోడల్లేవు, గేట్లు లేవు. సుగుణ చాప పరిచి, తేలుతున్న ట్రాలీలోంచి జెస్సీని ఎత్తుకొచ్చి పడుకోబెడుతుంది. పిల్ల కాళ్లు బారచాపుకుంటుంది.

పట్టాభిగారు గొంతుదాకా పాలలో మునిగి, ఈదుకుంటూ వస్తారు.

"కాస్త జరుగమ్మా. బోలెడు చోటుందిగా."

సుగుణకి ఎన్నాళ్ల కసో నోటికొచ్చేస్తుంది. "ఎంతమందండీ?" అంటుంది.

మీగడ జానెడు కురచవుతుంది. జెస్సీ నిద్రలోనే కాళ్లు ముడుచుకుంటుంది.

సుగుణ ఆ కాళ్ల వైపు చూస్తుంది. ఆ చివరి ప్రశ్న అప్పటికే నాలుక మీదికి వచ్చి కూర్చుంది. అది నిప్పులా కాలుతోంది. మింగుదామంటే గొంతు దిగదు, అడిగితే పిల్ల మునుగుతుంది. తుపుక్కున పాలలోకి ఉమ్మేస్తుంది.

ఆ ప్రశ్న టులెట్ బోర్డై పైకి తేలుతుంది. పట్టాభిగారు దాన్ని రెండు చేతులా కావలించుకుని చెక్‌పోస్టు వైపు కొట్టుకుపోతారు. దారిలో కనిపించిన ప్రతి మీగడ తునకనీ, "ఎవరమ్మా? ఏ ఊరు? మీరేవిట్లు?" అని అడుగుతూనే ఉంటారు. అడిగినప్పుడల్లా ఆయన చేతుల్లో బోర్డు జానెడు కురచవుతుంది.